రెండో చుక్క

మార్చి 3, మంగళవారం

ఈరోజు మూడు ఇళ్లు, ఐదు బాత్రూములు, ఒక కుక్క. నేను లోపలికి వెళ్తే లేచి నిలబడింది కుక్క ఒక్కటే.

ఈ నోటుపుస్తకం ఎవరూ చదవరు. అందుకే ఇందులో మర్యాద పాటించను.

పార్టనర్. యాప్ నన్ను అలా పిలుస్తుంది. ఏ ఇల్లు కడగాలో అది చెబుతుంది. ఎన్ని నిమిషాల్లో కడగాలో అది చెబుతుంది. ఏ టీషర్టు వేసుకోవాలో, కస్టమర్ ముందు ఎలా నవ్వాలో కూడా అదే. రెండు బుకింగులు వద్దంటే మూడో రోజు ఫోన్ మోగదు. మరి నేను దేనికి పార్టనర్‌ని? బస్టాండ్‌లో యూనియన్ వాళ్లు పంచిన చిన్న పుస్తకంలో స్పష్టంగా ఉంది. పని ఎప్పుడు, ఎలా, ఎంతసేపు అన్నది ఎవరి చేతిలో ఉంటే వాళ్లే యజమాని, కాగితం మీద ఏ పేరు రాసుకున్నా సరే. ఆ వాక్యం కింద మూడు గీతలు గీశాను. మూడో గీతకి కాగితం చిరిగింది.

పెద్దక్కకి చదివి వినిపించాను. బాగానే ఉందే లాయరమ్మా, ఇంతకీ ఆ యజమాని వచ్చి నా బకెట్ పైకి మోస్తాడా అని అడిగింది.

పెద్దక్క నాకు సొంత అక్క కాదు. ఇళ్లు కడిగే మా అందరిలో వయసులో పెద్దది. నలభై ఏడు. మెట్లెక్కితే మోకాళ్లు టకటకమంటాయి. చుక్కల గ్రూపు పెట్టింది ఆమే.

చుక్కలంటే ఇదీ. ఇంట్లోకి అడుగుపెట్టే ముందు ఫోన్‌లో లొకేషన్, దాని కింద ఒక చుక్క. బయటికొచ్చాక రెండో చుక్క. అంతే. గుడ్ మార్నింగులు లేవు, పువ్వుల బొమ్మలు లేవు. టైము దాటి పావుగంటైనా రెండో చుక్క పడకపోతే ఫోన్ చేయాలి. ఎత్తకపోతే దగ్గర్లో ఉన్న ఇద్దరు వెళ్లి బెల్ కొట్టాలి. మొదటి చుక్క చూసినవాళ్లు రెండోది పడేదాకా కదలకూడదు, పూచీ వాళ్లదే. ముప్ఫై తొమ్మిది మంది ఆడవాళ్లం. పదకొండు నెలలుగా.

యాప్‌లో ఎర్ర బటన్ ఉందిగా అంటారు. మా మైకు ఒకసారి నొక్కింది. (గొంతు అలాంటిది కాబట్టి ఆ పేరు.) మా సేవ మీకు నచ్చిందా అని అడిగిందట.

మార్చి 5, గురువారం

పెద్దక్క స్కోరు పడిపోయింది. ఒక బాత్రూముకి యాప్ ఇచ్చేది ఇరవై నిమిషాలు. ఆమెకి ముప్ఫై పడుతోంది. వారంలో స్కోరు లేవకపోతే ఐడీ మూసేస్తారట. ఏడుస్తుందనుకున్నాను. నవ్వింది. నా మోకాళ్లు వాళ్ల యాప్ డౌన్‌లోడ్ చేసుకోలేదే అంది.

నాకు ఒళ్లు మండిపోయింది. ఇంటికి వచ్చేదాకా కూడా ఆగలేదు. బస్సులో నిలబడే గ్రూపులో కొట్టేశాను: పెద్దక్కా, నీలం సీసా ఒకసారి తెల్ల సీసా ఒకసారి ఎందుకు, రెండూ కలిపి పోసెయ్, పది నిమిషాలు మిగులుతాయి.

నీలం సీసాలో యాసిడ్. తెల్లదాంట్లో బ్లీచ్. కలపకూడదని ట్రైనింగ్ వీడియోలో చెబుతారు. నాలుగు నిమిషాల వీడియోలో మూడు సెకన్లు. ఆ ఇరవై నిమిషాలు అందాలంటే కలపాల్సిందే. మేం దాన్ని పెళ్లి చేయడం అంటాం. పెళ్లయిందా అని ఒకరు, ఆ అయింది, దంపతులు పొగలు కక్కుతున్నారు అని ఇంకొకరు. మాలో పెళ్లి చేయనిది పెద్దక్క ఒక్కతే.

ఆమె వెంటనే ఫోన్ చేసి దులిపేసింది. గ్రూపులో చుక్క తప్ప ఒక్క అక్షరం పడకూడదని నీకు ఎన్నిసార్లు చెప్పాలే అని. పెళ్లి సంగతి మాత్రం ఏమీ అనలేదు.

మార్చి 9, సోమవారం, మధ్యాహ్నం 3.20

పెద్దక్క రెండో చుక్క పడలేదు.

సాయంత్రం 7

సబ్బుతో మూడుసార్లు కడిగాను. చేతులకి ఇంకా ఆ వాసనే.

12.50కి ఆమె మొదటి చుక్క. రెండు ముప్పావుకల్లా బయటికి రావాలి. మూడింటికి ఫోన్ చేశాను. మోగింది, ఎత్తలేదు. మళ్లీ చేశాను. మైకు రెండు వీధుల అవతల ఉంది. ఇద్దరం అక్కడికి చేరేసరికి మూడున్నర.

తొమ్మిదో అంతస్తు. పనివాళ్లకి లిఫ్ట్ లేదు, మెట్లెక్కండి అన్నాడు వాచ్‌మన్. మైకు అతన్ని ఏమందో, ఎవరూ చదవని ఈ పుస్తకంలో కూడా రాయలేను. లిఫ్ట్‌లోనే వెళ్లాం.

తలుపుకి బయట తాళం. ఒక్క క్షణం ప్రాణం లేచొచ్చింది. ఇంట్లో ఎవరూ లేరు, పని ముగించి వెళ్లిపోయింది, చుక్క పెట్టడం మర్చిపోయింది. అప్పుడు తలుపు కింద నుంచి దగ్గు. మనిషి దగ్గులా లేదు. తడిగుడ్డని నిలువునా చింపుతున్నట్టు ఉంది.

ఇంటావిడ తాళం వేసుకుని బయటికి వెళ్లింది. నమ్మకం లేక కాదట, అలవాటట. వాచ్‌మన్ ఫోన్ చేస్తే, మీటింగులో ఉన్నాను, అరగంటలో వస్తాను అందట. ఎదురు ఫ్లాటులో అల్మారాలు బిగిస్తున్న వడ్రంగి మా కేకలు విని ఉలి, సుత్తి పట్టుకొచ్చాడు. తాళం పగిలితే నా ఉద్యోగం పోతుందని వాచ్‌మన్ అడ్డం నిలబడ్డాడు. మైకు చెయ్యి వెయ్యకుండా, నోటితోనే అతన్ని పక్కకి జరిపింది.

తాళం పోయినా తలుపు పూర్తిగా తెరుచుకోలేదు. ఆమె దానికి అడ్డంగా పడి ఉంది. బోర్లా. మూతి గుమ్మం సందుకి ఆనించి, అవతలి నుంచి వచ్చే కాస్త గాలిని పీలుస్తూ. ఎంతసేపటి నుంచో తెలియదు. పని మొదలుపెట్టే ముందు ఫోన్ ఇచ్చేయాలని ఆ ఇంటి రూలు. నేను చేసిన ఫోన్లన్నీ తాళం వేసిన సొరుగులో మోగాయి. ఆమె వింటూనే ఉండి ఉంటుంది.

లోపలి నుంచి వాసన కొట్టింది. ఆ వాసన మాకు తెలుసు. మైకు నావైపు చూసింది. నేను గోడవైపు చూశాను.

బస్సులో నేను కొట్టినదాంట్లో కిటికీ తెరవమని లేదు. మేమందరం తెరుస్తాం. ముక్కుకి తడిగుడ్డ కట్టుకుంటాం, గుక్క బిగబట్టి పోసి బయటికి పరిగెడతాం. అది అందరికీ తెలుసు కదా అనుకున్నాను. పెద్దక్కకి ఎవరు చెప్పారు? ఆ బాత్రూముకి కిటికీయే లేదు. ఫ్యాన్ తిరగదు.

మార్చి 10, మంగళవారం

ఆస్పత్రి. ముక్కుకీ నోటికీ కలిపి ఆక్సిజన్ మాస్కు. ఊపిరితిత్తులు లోపల కాలాయట. ఒక వారం గడిస్తేగానీ ఏమీ చెప్పలేం అన్నాడు డాక్టరు. మాట్లాడించొద్దన్నాడు.

ఆమె కూతురు పక్కనే కూర్చుని ఉంది. పంతొమ్మిదేళ్ల పిల్ల. అమ్మ ఎప్పుడూ ఆ రెండూ కలపదు కదక్కా, ఎవరు చెప్పి ఉంటారు అని అడిగింది. నీళ్లు తెస్తానని లేచి వచ్చేశాను. నీళ్ల సీసా నిండుగానే ఉంది.

కంపెనీ నుంచి మెసేజ్ వచ్చింది. ఎలా ఉందని కాదు. ఒక ఫారం. పార్టనర్ అయిన నేను, నా సొంత అజాగ్రత్త వల్ల గాయపడ్డాను, సంస్థకు ఏ సంబంధమూ లేదు. కింద చుక్కల గీత, సంతకానికి. పెద్దక్క పెట్టకపోతే ఐడీ ఉండదట. మళ్లీ పని ఉండదు.

ఫోన్ గోడకేసి కొట్టబోయి ఆగాను. అది లేకపోతే నాకూ పని లేదు.

మార్చి 12, గురువారం

కార్మిక శాఖ ఆఫీసుకి వెళ్లాను. చిన్న పుస్తకం చేతిలో పట్టుకుని, టీషర్టుతోనే వెళ్లాను, చూడండి ఇది యూనిఫారం కాదా అని. గుమాస్తా చూడలేదు. వరండాలో బల్ల వేసుకుని ఉచితంగా సలహా చెప్పే వకీలు మేడం చూసింది. చివరిదాకా విన్నది. తర్వాత నా గీతలన్నీ ఒక్క ముక్కలో తుడిచేసింది. ఆమె ఉద్యోగి అని రుజువైతేనే ఈ ఆఫీసు మీ మాట వింటుంది, కాదంటే ఆ తలుపు కూడా తియ్యరు అంది.

రుజువేముంది? ఫోన్ తీసి చుక్కలు చూపించాను. భయానికి పెట్టుకున్నాం మేడం అన్నాను. ఆమె కళ్లజోడు పైకి తోసుకుని చాలాసేపు కిందికి జరుపుతూ చూసింది. పదకొండు నెలలు, ముప్ఫై తొమ్మిది మంది, ఎవరు ఎన్నింటికి లోపలికి, ఎన్నింటికి బయటికి. ఇది హాజరు పట్టీ అమ్మా, ఏ కంపెనీ కూడా ఇంత శుభ్రంగా రాయదు అంది.

ఆ మాటతో నాకు రెక్కలొచ్చాయి. గ్రూపులో వాళ్లందర్నీ ఒకసారి అడిగి, పైనుంచి కిందిదాకా చదివి, రేపు తీసుకురా అని కూడా ఆమె అంది. రేపటిదాకా ఎవరాగుతారు? జిరాక్సు షాపుకి వెళ్లి మొత్తం ప్రింటు తీయించాను. 212 పేజీలు. నంబర్లతో సహా. మధ్యాహ్నానికల్లా దాఖలు. పెద్దక్క తరఫున కూతురి సంతకం, సాక్షిగా నాది.

కోపంలో ఉన్నప్పుడు నేను చదవను. సంతకం పెడతాను.

మార్చి 13, శుక్రవారం

కూతురికి ఇంకా చెప్పలేదు.

మార్చి 17, మంగళవారం

మాస్కు తీశారు. పెద్దక్క బతుకుతుంది. ఈ మాట రాయడానికి నాలుగు రోజులు భయపడ్డాను. రాస్తే ఎక్కడ తప్పిపోతుందోనని.

గొంతు మాత్రం లేదు. గాలి మాత్రమే వస్తోంది. నన్ను చూసి ఏదో అంది. వంగి విన్నాను. అన్నం తిన్నావా అని.

మార్చి 20, శుక్రవారం

వకీలు మేడం పిలిపించింది. కంపెనీ జవాబు ఇచ్చింది. మేం దాఖలు చేసిన ప్రతి కాగితం కాపీ అవతలివాళ్లకి వెళ్తుందట. నాకు తెలియదు. చిన్న పుస్తకంలో ఆ పేజీ లేదు.

జవాబు ఒకటిన్నర పేజీ. 209వ పేజీ చూడండి అని ఉంది. చూశాను. చుక్కలు, చుక్కలు, చుక్కలు, వాటి మధ్య నా మెసేజ్. రెండూ కలిపి పోసెయ్, పది నిమిషాలు మిగులుతాయి. కింద నా నంబరు.

సంస్థ కలపవద్దని చెప్పింది. సాక్షిగా సంతకం చేసిన వ్యక్తే కలపమని చెప్పింది. ఇందులో మా అదుపు ఎక్కడ ఉంది? అని రాశారు. బాగా రాశారు. నేనే అవతలిపక్క ఉంటే ఇలాగే రాసేదాన్ని.

మేడం తిట్టలేదు. తిడితే బాగుండేది. ఇది కత్తి లాంటి కాగితం, పిడి ఎవరి చేతిలో ఉంటుందో చూడాలి అంది. పది నిమిషాలు మిగలాల్సిన అవసరం మీకెందుకు వచ్చిందన్నది అసలు ప్రశ్న. ఆ ఇరవై నిమిషాల లెక్క కోసం మేమందరం ఇలాగే కలుపుతున్నాం అని ఇంకో నలుగురు వచ్చి చెబితే, ఈ పేజీ కంపెనీ మెడకి చుట్టుకుంటుంది. నువ్వొక్కదానివే చెబితే నీ మెడకి. విచారణ ఏప్రిల్ 2.

మెట్లు దిగుతుంటే రెయిలింగు పట్టుకున్నాను.

మార్చి 21, శనివారం

నంబర్లు కంపెనీ చేతిలో పడ్డాయని అందరికీ తెలిసిపోయింది. ఇద్దరికి ప్రొఫైల్ పరిశీలనలో ఉంది అని వచ్చింది. ఉదయం నుంచి గ్రూపులో ఒకటే వరస. వెళ్లిపోయారు. వెళ్లిపోయారు. వెళ్లిపోయారు.

మైకు ఫోన్ చేసింది. స్పీకర్ పెట్టకపోయినా అమ్మకి వినిపించింది. అడగాలని కూడా తోచలేదా నీకు, మా నంబర్లు మీ తాత సొత్తా, పుస్తకంలో చదివితే సరిపోదే, పక్కనున్న మనిషి మొహం కూడా చదవాలి అంది. నాకు ఇద్దరు కవలలున్నారు, వాళ్లకి నీ న్యాయం పెట్టమంటావా పొద్దున అంది. పెట్టేసింది.

సాయంత్రానికి గ్రూపులో ఇద్దరమే మిగిలాం. నేను, పెద్దక్క. ఆమెకి గ్రూపులోంచి ఎలా వెళ్లాలో తెలియదు.

మార్చి 23, సోమవారం

చుక్క లేకుండా మొదటి ఇల్లు.

అలవాటుగా గుమ్మం ముందు ఫోన్ తీశాను. ఎవరికి పెట్టను? అమ్మకి పెట్టాను. అమ్మ రోజంతా మిషన్ మీద కుడుతూ ఉంటుంది, ఫోన్ పక్కనే ఉంటుంది. నిన్నే అంది, నాకు పెట్టవే ఆ చుక్కేదో, నాకు మాత్రం కళ్లు లేవా అని.

మగమనిషి. ఒక్కడే. నేను లోపలికి రాగానే తలుపు లోపలి నుంచి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు. సెక్యూరిటీ కోసం అన్నాడు. నవ్వాడు. నా ఫోన్ చెప్పుల స్టాండ్ మీద పెట్టమన్నాడు.

అతను ఏమీ చేయలేదు. అది రాయాలి, నిజం కాబట్టి. హాల్లో కూర్చుని తాళంచెవిని వేలికి తిప్పుకుంటూ ఉన్నాడు. నేను గదిలో తుడుస్తుంటే ఆ చప్పుడు. ఆగుతుంది. మళ్లీ మొదలవుతుంది. ఆగినప్పుడల్లా నా వీపు బిగుసుకుపోయేది. చీపురుకర్ర రెండు చేతులతో పట్టుకున్నాను. కిటికీలు లెక్కపెట్టాను. అన్నిటికీ గ్రిల్లు.

అప్పుడు ఫోన్ మోగింది. ఆగింది. మోగింది. ఆగింది. మోగింది. అమ్మ. చుక్క వచ్చిందంటే ఫోన్ చేయాలనుకుంది, రానప్పుడు చేయాలని అర్థం కాలేదు. పదకొండోసారికి అతనికి విసుగొచ్చి ఎత్తమన్నాడు. ఎత్తాను. చుక్క చేరిందే అంది అమ్మ. నేను ఇంటి నంబరు, అంతస్తు, వీధి పేరు గట్టిగా చదివాను, అతను వినేలా. ఇవన్నీ నాకెందుకే అంది అమ్మ.

అతను లేచి తాళం తీశాడు. రేటింగు రెండు నక్షత్రాలు ఇచ్చాడు.

మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. పెద్దక్క పదకొండు నెలలు మాకు ఇచ్చింది ఏమిటో, నేను ఒక మధ్యాహ్నంలో పోగొట్టింది ఏమిటో, ఆ తాళంచెవి చప్పుడులో తెలిసింది.

మార్చి 26, గురువారం

కంపెనీ మనిషి ఫోన్ చేశాడు. గొంతు పట్టులా ఉంది. మేడం అని పిలిచాడు. నన్ను ఎవరూ అలా పిలవరు.

మీరు చదువుకున్నవారు, మీ ఆవేశం మాకు అర్థమవుతుంది అన్నాడు. 209వ పేజీని మేం ఇంకెక్కడికీ తీసుకెళ్లదలచుకోలేదు అన్నాడు. ఆవిడ ఆ ఫారం మీద సంతకం పెడితే, మీరు సాక్ష్యం వెనక్కి తీసుకుంటే, అందరం ముందుకి సాగిపోవచ్చు. లేదంటే ఒకరి సలహా వల్ల ఇంకొకరి ప్రాణం మీదికి వచ్చింది కాబట్టి, పోలీసు భాషలో దానికో పేరుంది మేడం. నేను ఆ పేరు చెప్పను, మీరు చదువుతారుగా.

పెట్టేశాక చదివాను. మూడు పుస్తకాలు తిరగేశాను. యజమాని మీద కేసు ఎలా పెట్టాలో ఉంది. నా మీద పెడితే ఏం చేయాలో లేదు.

ఎవరైనా తలుపు కొడితే ఒళ్లు ఝల్లుమంటోంది. పొద్దున పాలవాడు కొట్టాడు.

మార్చి 27, శుక్రవారం

అమ్మకి చెప్పేశాను. మొత్తం. మిషన్ ఆపింది. పుస్తకాలు చదివి పాడైపోతారని అంటుంటే ఎవరి పిల్లలో అనుకునేదాన్ని అంది. కాసేపటికి, ఆవిడ కూతురికి చెప్పావా అంది. లేదన్నాను. మళ్లీ మిషన్ తొక్కింది. దారం లేదు. చాలాసేపు దారం లేకుండానే తొక్కింది.

మార్చి 29, ఆదివారం

పెద్దక్క ఇంటికి వచ్చేసింది. ఒకే గది, మంచం కిటికీ పక్కకి జరిపారు. కూతురు మందులు విడదీస్తోంది. ఫారం దిండు కింద ఉంది, అంచు కనిపిస్తోంది.

నిలబడే చెప్పాను. కూర్చుంటే చెప్పలేనని తెలుసు. నేనే పెట్టాను మెసేజ్, కిటికీ సంగతి రాయలేదు, ఇప్పుడది వాళ్ల చేతిలో ఉంది, నువ్వు సంతకం పెట్టేస్తే నాకేం కాదు, పెట్టకపోతే ఏమవుతుందో నాకు తెలియదు. అన్నీ ఒకే ఊపిరిలో. కూతురు చేతిలో మాత్ర నేలమీద పడింది. తియ్యలేదు.

పెద్దక్క గొంతు ఇప్పుడు చీపురు నేలమీద లాగినట్టు వస్తుంది. రెండు మాటలకి ఒకసారి ఆగుతుంది. ఆ మెసేజ్ నాకే కదే పెట్టావు, నాకు తెలియకపోవడమేంటి అంది. నువ్వు చెప్పావని కలిపాననుకుంటున్నావా? నువ్వు చెప్పి నాలుగు రోజులైంది, నేను కలపలేదు. ఆరోజు మొదటి బాత్రూముకే ముప్ఫై ఐదు నిమిషాలైంది. ఫోన్ ఇంటావిడ తీసుకుంటే నేను గోడ గడియారం చూసుకుంటూ చేశాను. ఆ ముల్లు చూసి కలిపాను.

కూతురు లేచి బయటికి వెళ్లిపోయింది. ఆ పిల్ల తప్పేం లేదు.

పెద్దక్క ఫారం తీసి ఇచ్చింది. వెనకవైపు ఖాళీగా ఉంది, చీటీలు రాసుకోవడానికి పనికొస్తుంది, తీసుకుపో అంది. ఆమె సంతకం పెట్టదు. నాకు ఊరట కలగలేదు. ఇక తప్పించుకోవడానికి లేదు.

వచ్చేస్తుంటే చెయ్యి పట్టుకుంది. ఆ ఆఫీసుకి కూడా తలుపు ఉంటుంది కదా అంది. లోపలికి వెళ్లేముందు చుక్క పెట్టు. రాకపోతే నేనొస్తా అంది.

పక్కగదిలోకి నడిస్తేనే ఆమెకి ఆయాసం.

మార్చి 30, సోమవారం

పెద్దక్క అందర్నీ మళ్లీ గ్రూపులో చేర్చింది. ఎలా చేర్చాలో మాత్రం ఆమెకి బాగా తెలుసు. సాయంత్రానికి ముప్ఫై మంది దాకా మళ్లీ వెళ్లిపోయారు. మేమిద్దరం కాక తొమ్మిది మంది ఉన్నారు. ఉండాలనుకుని ఉన్నారో, ఇంకా చూసుకోలేదో.

మైకు ఇంటికి వెళ్లాను. కవలలు గుమ్మంలో కూర్చుని గోడమీద బొగ్గుతో రాస్తున్నారు. నన్ను లోపలికి రమ్మనలేదు. నిలబడి ముందు క్షమాపణ అడిగాను. తర్వాత అడగాల్సింది అడిగాను. రమ్మని కాదు. 209వ పేజీ చదవనా అని. చదివాను. దాని అర్థం చెప్పాను. నువ్వు వస్తే ఏం పోవచ్చో చెప్పాను, రాకపోతే ఏం పోవచ్చో చెప్పాను. ఐడీ పోతుంది, పోలీసులంటారు, ఓడిపోనూ వచ్చు. ఏదీ దాచలేదు. ఇలా నేను ఎవరితోనూ ఎప్పుడూ మాట్లాడలేదు. గొంతు పెంచకుండా.

మైకు చివరిదాకా విని, నెమ్మదిగా, అంత నెమ్మదిగా ఆమె మాట్లాడగలదని నాకు తెలియదు, నేను ఆరోజు కూడా రెండు పెళ్లిళ్లు చేసొచ్చానే అంది. పెద్దక్క తలుపు దగ్గర నిన్ను ఎందుకు చూశాననుకున్నావు? మనమందరం కలుపుతామని నువ్వు చెబుతావేమోనని భయపడ్డాను అంది.

వస్తావా అని నేను అడగలేదు. వస్తానని ఆమె అనలేదు. తలుపు వేసుకుంది.

ఏప్రిల్ 1, బుధవారం

మైకు పోగా మిగతా ఎనిమిది మందిలో ఐదుగురి ఇళ్లకి వెళ్లాను. ఒకరు తలుపు తీయలేదు. ఒకరు నీళ్లిచ్చారు. ముగ్గురు విన్నారు.

టీషర్టు ఉతికి ఆరేశాను. రేపు వేసుకోవాలో వద్దో తెలియదు.

ఏప్రిల్ 2, గురువారం, ఉదయం 10.15

వరండా. వకీలు మేడం, నేను. అవతలి బెంచీ మీద పట్టుగొంతు మనిషి, ఇద్దరు లాయర్లు. టై చూసి గుర్తుపట్టలేదు, నమస్తే మేడం అన్నప్పుడు గుర్తుపట్టాను.

మావాళ్లెవరూ రాలేదు. మెట్లవైపు చూడొద్దు అంది మేడం. చూస్తున్నాను.

10.40

పిలిచారు. గుమ్మం ముందు చుక్క పెట్టి, ఫోన్ సంచీలో పడేసి లోపలికి వచ్చాను. తలుపు మూశారు.

ఆఫీసర్ 209వ పేజీ చదువుతున్నాడు. ఇది బల్ల కింద రాస్తున్నాను. ఇది ఎవరిది అని అడుగుతాడు. నాదే అంటాను.

ఒళ్లో సంచీ వణికింది.

ఒకసారి. ఆగింది. మళ్లీ. మళ్లీ.

ఇక్కడ ఫోన్ తీయకూడదు. అమ్మ అయితే ఆగకుండా మోగేది. ఇవి చిన్నవి, చుక్కలు.

ఎందరో, ఈ గుమ్మం ముందో ఏ ఇంటి గుమ్మం ముందో తెలియదు. ఎవరెవరు లోపలికి అడుగుపెట్టారో, వాళ్ల రెండో చుక్క పడేదాకా నేను కదలకూడదు.